అవునన్నా పని పోలేదు

లిస్టులో బాపు పేరుంది! గేటు పక్కన అద్దాల బోర్డులో, నలభై ఒకటో నంబరు దగ్గర, ఇంటిపేరుతో సహా ఉంది. వేలు పెట్టి మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదువుతుంటే వాచ్‌మన్ "ఏందమ్మా, అద్దం అరిగిపోతది" అన్నాడు. అరిగితే అరగనీ. బాపు ఒక్కడి పేరే కాదు, 'అవును' అన్న తొమ్మిది మంది పేర్లూ ఉన్నాయి. ఒక్కరిని కూడా తియ్యలేదు. ఒక్కరిని కూడా!

మొదటి నుంచీ చెప్పకపోతే ఇంత సంబరం ఎందుకో అర్థం కాదు. మా నాన్నను మేం బాపు అంటాం. పటాన్‌చెరు దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. కాంట్రాక్టు వాళ్ల పేర్లు ఏడాదికోసారి గేటు దగ్గర అతికిస్తారు. పేరుంటే ఇంకో ఏడాది పని ఉన్నట్టు. లేకపోతే లేనట్టే. ఎందుకు లేదని ఎవరూ అడగరు, అడిగినా ఎవరూ చెప్పరు. ఈసారి మా ఇంట్లో అందరి ప్రాణాలూ ఆ కాగితం మీదే ఉన్నాయి. ఎందుకంటే పోయిన వానాకాలంలో బాపు తనకు నిద్ర సరిగ్గా లేదనీ, పీడకలలు వస్తున్నాయనీ, ఒక బ్లాకు వైపు పోవాలంటే కాళ్లు రావనీ నోరు తెరిచి చెప్పాడు. మా వైపు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి చెప్పే మాట కాదది. అలా చెప్పించిన పాపంలో సగం నాది.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. రిజల్ట్ వచ్చిన రోజు అమ్మ ఇస్నాపూర్‌లో మా గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా లడ్డూలు పంచింది. ఆ రోజు కూడా నేను ఇవాళ అరిచినంతగా అరవలేదు.

ప్రమాదం జరిగినప్పుడు నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. బాపు అప్పుడు సెంట్రిఫ్యూజ్ మీద ఉండేవాడు. తడి పొడిని గిరగిరా తిప్పి అందులోని సాల్వెంటును పిండేసే పెద్ద డ్రమ్ము అది. సాల్వెంటు పెట్రోలులా ఇట్టే అంటుకునే సరుకు. ఒక మధ్యాహ్నం అంటుకుంది. బాపుకు జోడీగా పనిచేసే ఒడిశా అతను మంటల్లో చిక్కుకున్నాడు. అతను మా ఇంటి వెనక గదిలోనే కిరాయికి ఉండేవాడు, అమ్మ చేసిన పచ్చిపులుసు గిన్నెతో అడిగి తీసుకుపోయేవాడు. బాపు అతన్ని బయటికి లాగాడు. నాలుగో రోజు ఆసుపత్రిలో అతను పోయాడు.

బాపు చేతులకు కాలిన గాయాలు నెలలో మానాయి. కంపెనీ డాక్టరు చేతులు తిప్పి చూసి, పిడికిలి బిగించమన్నాడు, విప్పమన్నాడు, 'ఫిట్' అని ముద్ర కొట్టాడు. అయిపోయిందనుకున్నాం.

అయిపోలేదు. బాపు ఇంట్లో కూడా బూట్లు వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. పెళ్లికి పోతే ఫంక్షన్ హాల్లో తలుపు పక్కనే కుర్చీ లాక్కుని కూర్చునేవాడు, విస్తరి దగ్గరికి మాత్రం వచ్చేవాడు కాదు. వెనక గది మళ్లీ ఎవరికీ ఇవ్వనన్నాడు. ఫ్యాక్టరీలో అయితే మురుగునీళ్ల ట్యాంకుల దగ్గరి డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాడు. ఆ కంపుకు భయపడి ఎవరూ తీసుకోని డ్యూటీ అది. "పదహారేండ్ల సర్వీసు పెట్టుకొని మోరీ కాడికి పోతడా ఎవడన్న?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

ఒక సాయంత్రం అమీన్‌పూర్‌లో మా క్లాస్‌మేట్ పెళ్లి. నేను గడప దగ్గర కూర్చుని గోళ్లకు రంగు వేసుకుంటున్నాను. బాపు అన్నం తింటున్నాడు. ఉన్నట్టుండి కంచం పట్టుకునే లేచి గల్లీలోకి వెళ్లిపోయాడు.

"ఏందయ్యా, పిల్ల గోర్లకు రంగేసుకుంటె గంత కోపమా? అందరు పిల్లలు ఏసుకుంటలేరా?" అని అమ్మ వెనక నుంచి కేకేసింది.

నాకూ ఏడుపొచ్చింది. పోనీలే, ఆయనకు ఇష్టం లేదు కదా అని రంగంతా రిమూవర్‌తో తుడిచేశాను. బాపు ఈసారి గల్లీలో కూడా నిలబడలేదు, మెయిన్ రోడ్డు దాకా పోయాడు. ఆ రోజు మేమిద్దరం బాపును ఎంత తప్పుగా అనుకున్నామో! అంటుకున్న సాల్వెంటు వాసనా, నా రంగుసీసా వాసనా దాదాపు ఒకటే. రిమూవర్‌ది ఇంకా ఘాటు. నేను కోపం తగ్గిద్దామని చేసిన పనితో ఆయన్ను మళ్లీ ఆ బ్లాకులో నిలబెట్టాను.

ఇది నాకు ఉద్యోగంలో చేరాక గాని తెలియలేదు. డిగ్రీలో నాకున్న మూడు సబ్జెక్టుల్లో సైకాలజీ ఒకటి. దాన్ని పట్టుకునే, ఫ్యాక్టరీ వాళ్ల మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే ఒక చిన్న బృందంలో నాకు పని దొరికింది. బృందమంటే పెద్దగా ఏమీ లేదు. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల నుంచి కారులో వచ్చే సైకాలజిస్టు మేడమ్, ఆమె వెనక ఫైళ్లు పట్టుకుని నేను. చేరిన వారంలో మేడమ్ నాకు ఐదు ప్రశ్నలు నేర్పింది. ఏదైనా ఘోరం చూసినవాళ్లను, అనుభవించినవాళ్లను అడగాల్సినవి. గత నెల రోజుల్లో అది వద్దన్నా కలలోనో మెలకువలోనో ముందుకొచ్చిందా? దాన్ని గుర్తుచేసే చోట్లూ పనులూ తప్పించుకుంటున్నారా? ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారా? మనుషులకూ పనులకూ దూరమైనట్టు, మొద్దుబారినట్టు ఉందా? జరిగినదానికి మిమ్మల్నిగానీ ఇంకొకరినిగానీ తప్పుపట్టడం ఆపలేకపోతున్నారా?

మేడమ్ చదువుతుంటే నాకు మా ఇల్లు వినపడింది. బూట్లు, తలుపు పక్క కుర్చీ, మురుగు ట్యాంకులు, ఒక్కొక్కటే.

"ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదు, జల్లెడ" అంది మేడమ్. "దెబ్బ తగిలిన కొత్తలో అందరూ అదురుతారు. చాలామంది వాళ్లంతట వాళ్లే కుదుటపడతారు. కొందరు పడరు. వాళ్లను తొందరగా పట్టుకుంటే చాలావరకు బాగుచేయొచ్చు. మూడింటికి అవునంటే డాక్టరుతో వివరంగా మాట్లాడించాలి. అంతే."

అంతే అనుకున్నాను నేనూ. మేడమ్ బాపు వాళ్ల కంపెనీలో పర్మిషన్ తెచ్చింది. అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. ఏడాదికోసారి జరిగే మెడికల్ చెకప్ రోజునే, చెకప్ వ్యాను పక్కనే మన బల్ల వేద్దాం, ఎలాగూ అందరూ లైన్లో వస్తారు కదా అన్నాను. మేడమ్ మెచ్చుకుంది. నేను తెలుగులోనూ హిందీలోనూ ప్రశ్నలు ప్రింటు తీయించి, అట్టలకు క్లిప్పులు పెట్టి, పెన్నులు కట్టి పట్టుకుపోయాను.

మధ్యాహ్నానికి కాగితాల కట్ట చేతికొచ్చింది. ఒకటి తీశాను. ఐదింటికీ 'లేదు'. ఇంకోటి తీశాను. ఐదింటికీ 'లేదు'. టిక్కులు కూడా కాదు. పై నుంచి కింద దాకా 'లేదు' గళ్ల మీదుగా ఒకటే నిలువు గీత. అన్ని కాగితాల మీదా అదే గీత, అదే నీలం పెన్ను. కట్ట మధ్యలో బాపు కాగితం కనపడింది. కింద ఒత్తి ఒత్తి చేసిన సంతకం ఆయనదే. గీత మాత్రం ఎవరిదో.

బాపు పక్కనే ఒకాయన నిలబడి నన్ను చూసి నవ్వుతున్నాడు. ఆయనది కోస్తా జిల్లా. కాంట్రాక్టు పనికే వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. బాపు షిఫ్టు దిగితే ఆయన ఎక్కుతాడు, అంటే బాపు రిలీవరు. ఏ చుట్టరికమూ లేకపోయినా ఇద్దరూ బావా బావా అనుకుంటారు. నేను మామయ్య అంటాను.

"ఏంటమ్మాయ్, అలా బిక్కమొహం వేశావ్?" అన్నాడు మామయ్య. "చెకప్ కాగితం ఎవరిచ్చినా ఇంతేనమ్మా. లైన్లో ముందున్నవాడు అందరివీ గీసేస్తాడు, మేం సంతకాలు పెట్టేస్తాం. బీపీ ఉందా, లేదు. షుగరుందా, లేదు. కళ్లు తిరుగుతాయా, లేదు. పెళ్లయిందా అని అడిగినా లేదనే కొట్టేస్తాడు మీ బాపు."

"నువ్వేమన్న తక్కువ తిన్నవా బావా?" అన్నాడు బాపు. "చెవుడున్నదా అంటె లేదని గీసినవ్. నాలుగుసార్లు మొత్తుకుంటె గాని పలుకవు."

"ఏంటీ?" అన్నాడు మామయ్య. లైనంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఇరవై ఏళ్లుగా బల్ల మీదికొచ్చిన ప్రతి కాగితానికీ వాళ్లు నేర్చుకున్న జవాబది. 'అవును' ఉన్న కాగితం అన్‌ఫిట్ అవుతుంది, అన్‌ఫిట్ అయితే వచ్చే ఏడాది లిస్టులో పేరుండదు. నేనేమో వాళ్ల మనసులో మాట అడిగే కాగితాన్ని తీసుకెళ్లి సరిగ్గా ఆ కాగితాల పక్కనే, అదే రకం అట్టకు క్లిప్పు పెట్టి ఇచ్చాను. ఫ్యాక్టరీ మనిషి కూతుర్ని, ఇస్నాపూర్‌లో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియాలి కదా!

ఇంకా అనుమానం ఉంటే తీర్చడానికా అన్నట్టు కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజరు బల్ల దగ్గరికి వచ్చాడు. "మేడమ్, ఎవరన్న అవును అని కొట్టుంటె ఆ పేర్లు జెర నాకియ్యున్రి. ఊకెనే. సేఫ్టీ కోసం."

"పేర్లు ఎవరికీ ఇవ్వం" అంది మేడమ్.

"గట్ల కాదు మేడమ్, మా మనుషులే కదా."

"అందుకే ఇవ్వం."

ఆయన వెళ్లిపోయాడుగానీ లైన్లో ఉన్నవాళ్లంతా విన్నారు.

ఇంటికొచ్చాక బాపును నేరుగా అడిగాను. "నాతోని కూడ అబద్ధమేనా బాపు?" అన్నాను.

బాపు నా వైపు తిరిగాడు. "నిన్ను సదివించింది నాకు పిచ్చి అని రాయనీకేనా బిడ్డా?" అన్నాడు.

"పిచ్చి అని ఎవలన్నరు?"

"ఎవలనకున్న లిస్టు జూసినోడు అంటడు. నా పని పోతె నీ పట్టా ఏం జేస్తది? గోడకు ఏలాడ్తది."

అమ్మ మధ్యలోకి వచ్చి ఇద్దరినీ తిట్టి అన్నం పెట్టింది. ఆ మాట చాలారోజులు నన్ను వదల్లేదు. బాపు తప్పేం అనలేదు. ఆయన జబ్బును నేను చూశాను, ఆయన భయాన్ని చూడలేదు.

దారి దొరికింది ఇంకోలా. మేనేజరును కలవడానికి మేడమ్‌తో మళ్లీ కంపెనీకి వెళ్లాను. ఆయన మీటింగులో ఉంటే మమ్మల్ని ట్యాంకుల వైపు చెట్టు కింద కూర్చోబెట్టారు. రెండు గంటలకు షిఫ్టు మారింది. బాపు దిగుతున్నాడు, మామయ్య ఎక్కుతున్నాడు. మురుగు వాసనకు మేడమ్ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. బాపు మాత్రం ఏదో పెద్దమనిషి పంచాయితీ చెప్పినట్టు చెయ్యి తిప్పుతూ చెబుతున్నాడు.

"రెండో పంపు సీలు కారుతున్నది. బ్లోయరు బెల్టు పొద్దుగాల సంది మొత్తుకుంటున్నది. మూడో వాల్వు ఒక్కసారికి తిరగది, జెర ఎనుకకు తిప్పి ముందుకు తిప్పు. నేను ఒకసారి మర్చిపోయి గట్టిగ తిప్పిన, గట్ల తిప్పకు."

మామయ్య ఒక్కొక్కటీ లాగ్‌బుక్కులో రాసుకుంటున్నాడు. నేను దగ్గరికి పోయి అడిగాను, "గివన్ని చెప్తె నీ మీదికి రాదా బాపు? నువ్వే ఖరాబు చేసినవ్ అనరా?"

ఇద్దరూ నా వైపు జాలిగా చూశారు.

"చెప్తె ఏమొస్తది? చెప్పకుంటె వస్తది" అన్నాడు బాపు.

"చెప్పి దిగిపోతే ఆ పంపు ఇక నా పూచీ అమ్మాయ్" అన్నాడు మామయ్య. "చెప్పకుండా దిగిపోయి, అది నా షిఫ్టులో పగిలిందనుకో, అప్పుడు మీ బాపు తప్పు. రిలీవరుకు దాచకూడదు. ఇక్కడ అందరికీ తెలిసిన రూలే ఇది."

కారులో వెళ్తూ ఈ మాట మేడమ్‌కి చెప్పాను. ఆమె ఇస్నాపూర్ చౌరస్తాలో కారు పక్కకు ఆపేసింది. వెనక లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. "ఇంకోసారి చెప్పు" అంది. చెప్పాను.

కాగితాలు తీసేశాం. అట్టలు, క్లిప్పులు అన్నీ తీసేశాం. ఐదు ప్రశ్నలను మేం అడగం, రిలీవర్లు అడుగుతారు. యంత్రం సంగతి అప్పగించాక మనిషి సంగతి. నోటితో అడగాలి, ఎక్కడా రాయకూడదు. మూడింటికి అవునంటే ఆ మనిషే మాకు ఫోన్ చేస్తాడు, రిలీవరు కూడా ఇంకొకరికి చెప్పడు. వింటున్నవాళ్లు ఏం చెయ్యాలో, ఏం అనకూడదో మేడమ్ వాళ్లకు నేర్పింది. "ధైర్యంగా ఉండు అని చెప్పొద్దు. విని, సరే, ఫోన్ చెయ్యి అనండి, చాలు" అంది. ఎక్కడైనా ప్రమాదం జరిగితే నెల తిరక్కుండా ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లందరినీ అడగాలి. మేనేజరును ఒప్పించడానికి మేడమ్ పెద్దగా కష్టపడలేదు. వాల్వు దగ్గర నిలబడే మనిషికి నిద్ర లేకపోతే ఏమవుతుందో ఆయనకే మాకంటే బాగా తెలుసు. అవునన్నవాళ్లను పనిలోంచి తియ్యబోమనీ, ఆసుపత్రికి పోయిన రోజులు డ్యూటీగానే లెక్కిస్తామనీ కంపెనీ లెటర్‌హెడ్ మీద తెలుగులో రాసి ముద్ర వేసి ఇచ్చారు.

నేను ఆ కాగితాన్ని జెండాలా ఊపుకుంటూ ఇంటికి తెచ్చాను. బాపు చదువుకున్నది ఐదో తరగతి. వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. చివర సంతకం చూశాడు. తిప్పి వెనక చూశాడు.

"కాంట్రాక్టరు దస్కతు ఏది?" అన్నాడు.

"కంపెనీయే రాసిచ్చింది కద బాపు."

"కంపెనీ రాసిస్తె నాకేంది? నేను కంపెనీ మనిషినా? లిస్టు రాసేది కాంట్రాక్టరు. ఆయన రేపు నన్ను తీసేస్తె కంపెనీ ఏమంటది? మా మనిషి కాదంటది."

డిగ్రీ చదివిన నాకూ, ఇంకా పెద్ద చదువులు చదివిన మేడమ్‌కీ రాని ప్రశ్న. మేడమ్‌కి ఫోన్ చేసి చెబితే మాట పొల్లుపోకుండా రాసుకుంది. తర్వాత "మీ బాపుని మన బృందంలోకి తీసుకోవాలి" అంది. కాంట్రాక్టరుతో సంతకం పెట్టించడానికి ఇంకో నెల పట్టింది. సూపర్‌వైజరు మొహం మాడ్చుకునే తెచ్చిచ్చాడు. రెండు సంతకాలున్న కాగితం గేటు దగ్గర అతికించిన రోజు బాపు దాన్ని రెండుసార్లు చదివి లోపలికి పోయాడు.

రెండు రోజుల తర్వాత, షిఫ్టు మారే వేళకు మేడమ్ ట్యాంకుల దగ్గరికి వచ్చి కూర్చున్న పూట మామయ్యే మొదలుపెట్టాడు. వినకూడదని నేను లేవబోతే బాపు "బిడ్డను ఉండనియ్" అన్నాడు. పంపుల సంగతి, బెల్టు సంగతి అయ్యాయి.

"సరే, వాటి సంగతి అయింది. నీ సంగతి చెప్పు బావా" అన్నాడు మామయ్య. "నెల రోజుల్లో ఆ మంటలు కల్లోకొచ్చాయా?"

"అస్తున్నయ్. రోజు కాదు."

"ఆ బ్లాకు వైపు పోకుండా తప్పించుకుంటున్నావా?"

"మరి ఈ మోరీ కాడ ఎందుకున్ననంటవ్? వాసన మంచిగున్నదనా?"

"ఊరికే ఉలిక్కిపడుతున్నావా?"

"బూట్లు ఇప్పి పండి రెండేండ్లయితున్నది."

"మనుషులకు దూరమైపోయినట్టు ఉంటుందా?"

"దూరమెక్కడిది? నువ్వు రోజు నెత్తి మీద కూసుంటివి. అది లేదు. లేదనే రాసుకో."

"రాయకూడదయ్యా బాబూ" అన్నాడు మామయ్య. ఇక మిగిలింది ఐదోది. మేడమ్ వైపు చూశాడు. మేడమ్ తలూపింది. "జరిగినదానికి... నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావా బావా?"

బాపు ట్యాంకులోకి చూస్తూ చెప్పాడు. "నీళ్లు తాగస్త అని నేనే పోయిన. రెండు నిమిషాలు నా జాగల నిలబడు అన్న. నిలబడ్డడు."

అంతే. మా ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియని మాటది. అమ్మకు కూడా తెలియదు. మామయ్య అలవాటుకొద్దీ లాగ్‌బుక్కు తెరిచి పెన్ను పట్టుకుని ఉన్నాడు. మూసేసి చంకలో పెట్టుకున్నాడు. "సరే బావా. ఫోన్ చెయ్యి" అన్నాడు, నేర్పినది నేర్పినట్టుగా. ఆ ఫోన్ ఎత్తాల్సిన మేడమ్ అక్కడే, మూడడుగుల దూరంలోనే ఉందన్న సంగతి మర్చిపోయాడు. ముందు నవ్వింది బాపే.

సంగారెడ్డి పెద్దాసుపత్రికి వారం వారం తీసుకెళ్లే పని మేడమ్ నాకు ఇవ్వలేదు. "మీ బాపు దగ్గర నువ్వు కూతురివి మాత్రమే" అంది. అమ్మ వెళ్లేది. మొదట్లో బాపు గొణిగేవాడు, "ముచ్చట చెప్పనీకె గంత దూరమా, బస్సు ఎక్కి?" అని. అక్కడ ఆ మధ్యాహ్నాన్ని మొదటి నుంచి చివరిదాకా చెప్పించేవారు. మళ్లీ వారం మళ్లీ చెప్పించేవారు. కొన్నిరోజులు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నెల దాటాక మాటల్లో ఒకటి మారింది. "నేను వాన్ని నిలబెట్టిన" అనే మనిషి "నేను వాన్ని గుంజుకచ్చిన" అని కూడా అనడం మొదలుపెట్టాడు. డాక్టరు ఇంటి దగ్గర చేయాల్సిన సాధన కూడా ఇచ్చాడు, భయపెట్టే వాసనను కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవడం. ఒక ఆదివారం బాపు నన్ను పిలిచి గోళ్ల రంగు సీసా మూత తియ్యమన్నాడు. గడప దగ్గర కూర్చుని, గోడ పట్టుకుని, చెమటలు కక్కుతూ, లేవకుండా ఉన్నాడు. రెండో ఆదివారం ఇంకొంచెంసేపు. నాలుగో ఆదివారం అమ్మ వచ్చి "ఊకె సీసా తెరిచి మూసుడేంది, ఏయ్ నాకు" అని చేతులు చాపింది. పెళ్లయ్యాక అమ్మ గోళ్లకు రంగు వేసుకోవడం అదే మొదలు. బాపు ఆ బ్లాకు మెట్ల దాకా ఇప్పుడు పోగలుగుతున్నాడు. పైకి ఇంకా ఎక్కలేదు. బూట్లు విప్పి పడుకుంటున్నాడు. వెనక గది కిరాయికిచ్చాం.

బాపు తర్వాత ఇంకో ఎనిమిది మంది ఫోన్ చేశారు. వాళ్లలో ఒకతను బాయిలర్ దగ్గర పనిచేసే బీహార్ ఫిట్టరు. ఆవిరి పైపు పగిలి పక్కవాడికి కాలడం చూశాడు. పైపు పగిలిన మూడో వారంలోనే అతన్ని అడిగారు. బాపుకు రెండేళ్లు పట్టినది అతనికి మూడు వారాల్లోనే దొరికింది. త్వరగానే తేరుకున్నాడు. బాపు ఆ సంగతి విని "మంచిగైంది" అని, మళ్లీ "నన్ను గప్పుడే అడిగితె చెప్తుంటినో లేదో" అన్నాడు. చెప్పేవాడో కాదో నాకూ తెలియదు. అడిగేవాళ్లు మాత్రం అప్పుడు లేరు.

ఇక ఈ నెలంతా లిస్టు భయం. ఆసుపత్రి రోజులు డ్యూటీగా లెక్కపడుతున్నాయంటే ఎవరు పోతున్నారో సూపర్‌వైజరుకు తెలిసిపోతుంది కదా. "ఎంతమందిని ఉంచాల్నో పైనుంచి ఇంక చెప్పలే" అని టీ దగ్గర అంటున్నాడట. అమ్మ రోజూ దేవుడి పటం ముందు అదే అడిగింది. నా భయం వేరు. బాపు పేరు లేకపోతే మా ఇల్లు ఎలాగోలా నడుస్తుంది. కానీ ఆ గేటు లోపల ఇంకెవరూ ఇంకెప్పుడూ అవును అనరు. రిలీవరుకు దాచకూడదన్న రూలు పంపులకే మిగులుతుంది. మేం ఇంకో పది కంపెనీలకు పోయినా నిలువు గీతలే వస్తాయి.

ఇవాళ పది గంటలకు అతికించారు. బాపు ఆరింటికే లోపలికి పోయాడు, ఆయన చూడలేదు. నేను మేడమ్‌కి కూడా చెప్పకుండా సెలవు పెట్టి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. మొదట బాపు పేరు, తర్వాత మిగతా ఎనిమిదీ. ప్రతి పేరుకూ ఒక వేలు మడిచాను. అమ్మకు ఫోన్ చేస్తే ఒక అరుపు, ఆ తర్వాత ఏడుపు, ఆ తర్వాత "మీ బాపుకు చెప్పినవా? ఇంక చెప్పలేదా? మరి ముందుగాల నాకెందుకు చేసినవే!" అని తిట్లు.

ఇది రాస్తున్నది గేటు ఎదురుగా టీ కొట్టులో. మూడో చాయ్ అయింది. ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు:

బాపు. ప్లాంటులోకి ఫోను పట్టుకుపోనివ్వరు, గేటు దగ్గర అరలో ఉంటుంది. రెండింటికి తీసుకోగానే మోగాలి. బోర్డు చూసేలోపే.

మామయ్య. రెండింటి షిఫ్టుకు బయల్దేరేలోపు. ఆయన ఫోను మోగినా ఆయనకు వినపడదు, అత్తయ్య నంబరుకు చెయ్యాలి. ఆయన పేరు అరవయ్యో నంబరు.

మేడమ్. మొదట సెలవు పెట్టినందుకు సారీ చెప్పి, తర్వాత ఇది.

బీహార్ ఫిట్టరు. ఊరికి పోయాడు. హిందీలో ఎలా చెప్పాలో రెండుసార్లు నోట్లో అనుకున్నాను.

ప్యాకింగ్‌లో పనిచేసే అక్క, ఆ తొమ్మిది మందిలో ఒకరు. ఆసుపత్రికి పోతున్నట్టు ఇంట్లో భర్తకు తెలియదు. ఆయన ఎత్తితే రాంగ్ నంబరు అని పెట్టెయ్యాలి, మూడింటి తర్వాత మళ్లీ చెయ్యాలి.

అవునన్నవాళ్లలో మిగిలిన ఆరుగురు. అందరూ మొదటి షిఫ్టే, రెండింటికి ఒకేసారి బయటికొస్తారు. పక్కన జనం లేకుండా, ఒక్కొక్కరికీ విడివిడిగా.

ఒడిశాలో, బాపు మంటల్లోంచి లాగిన అతని తండ్రి. ఈ ఫోన్ నేను చేసేది కాదు, ఆ రెండు నిమిషాల సంగతి చెప్పడానికి బాపే చేస్తానన్నాడు. పని నిలబడ్డ రోజు చేస్తానన్నాడు. మా దగ్గరున్న నంబరు కలవడం లేదు. వెనక గదిలో కొత్తగా దిగినవాళ్లదీ ఆ జిల్లానే, వాళ్లనడిగి సాయంత్రంలోగా కొత్త నంబరు కనుక్కోవాలి.